తాళ్లపాక అన్నమయ్య: అహోబిలం చదువు, తిరుమల పాట

పాటకు కావలసిన మాటను తానే రాసుకొని, దానికి తగిన వరుసను తానే కట్టుకొని, నలుగురి ముందు తానే పాడే కళాకారుడిని మన సంగీత శాస్త్రం వాగ్గేయకారుడు అంటుంది. పాటలోని మాటల భాగాన్ని మాతువు అనీ, రాగతాళాల భాగాన్ని ధాతువు అనీ విడదీసి చెప్పి, ఈ రెండింటిలోనూ సమర్థుడైనవాడే ఉత్తమ వాగ్గేయకారుడని 13వ శతాబ్దిలో సంగీత రత్నాకరం రచించిన శార్ఙ్గదేవుడు నిర్ణయించాడు. నేడు ప్రపంచమంతటా జనం నోళ్లలో నానుతున్న గాయకుల్లో ఎందరో ఈ కోవకు చెందినవారే. తెలుగులో సింహాచలేశుని మీద వచనాలు పలికిన కృష్ణమాచార్యుడు అంతకు ముందే ఉన్నప్పటికీ, పాట రాయడాన్నీ పాడడాన్నీ జీవితకాలపు వృత్తిగా చేపట్టి, వేల సంఖ్యలో రచనలు వదిలివెళ్లిన తొలి వ్యక్తి తాళ్లపాక అన్నమాచార్యుడే. ఆయన పేరు చెప్పగానే తిరుమల గుర్తుకు రావడం సహజం. అయితే ఆ పాటకు వెనుక నిలిచిన చదువు మాత్రం ఇప్పటి నంద్యాల జిల్లాలో, ఆళ్లగడ్డకు తూర్పున నల్లమల అంచున ఉన్న అహోబిలంలో జరిగిందన్న సంగతికి దక్కవలసినంత ప్రాధాన్యం ఇంతవరకూ దక్కలేదు.

ఈ ప్రాంతంతో అన్నమయ్య బంధం అహోబిలం కంటే వెనుకటిది. ఆయన వంశం నందవరీక శాఖకు చెందినదని సంప్రదాయం చెబుతుంది. నందవరీకులు అంటే, గడివేములకు దక్షిణంగా, బనగానపల్లె దగ్గర చౌడేశ్వరీ దేవి ఆలయంతో ప్రసిద్ధమైన నందవరాన్ని తమ మూలస్థానంగా చెప్పుకునే బ్రాహ్మణ శాఖ. నందుడనే రాజు కాశీ నుంచి పండితులను రప్పించి అగ్రహారం ఇచ్చాడనీ, ఇచ్చిన మాటకు సాక్ష్యం చెప్పడానికి అమ్మవారే కాశీ నుంచి తరలివచ్చిందనీ వారి ఐతిహ్యం. ఆ శాఖలోని ఒక కుటుంబం తరాల క్రితమే రాజంపేట సమీపంలోని తాళ్లపాకలో స్థిరపడింది. ఆ ఇంట నారాయణసూరి, లక్కమాంబ దంపతులకు అన్నమయ్య పుట్టాడు.

ఆయన జీవితం గురించి మనకు తెలిసినదంతా ప్రధానంగా రెండు ఆధారాల నుంచి వచ్చింది. మొదటిది, మనుమడు తాళ్లపాక చిన్నన్న ద్విపద ఛందస్సులో రచించిన అన్నమాచార్య చరిత్రము. రెండేసి పాదాలుగా సాగిపోయే తేలికైన దేశి ఛందస్సే ద్విపద. రెండవది, ఆయన సంకీర్తనలు చెక్కిన రాగిరేకుల్లో మొదటిదాని మీద ఉన్న శాసనం వంటి వాక్యం. శాలివాహన శకం 1346, క్రోధి నామ సంవత్సరంలో, అంటే 1424లో, పదహారేళ్ల అన్నమాచార్యులకు వేంకటేశ్వరుడు ప్రత్యక్షమయ్యాడనీ, అది మొదలు శకం 1424, దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు, అంటే 1503 ఫిబ్రవరి వరకు, ఆయన సంకీర్తనలు విన్నవించాడనీ ఆ వాక్యం సారాంశం. అందులోని పదహారేళ్ల మాటను బట్టే పండితులు ఆయన పుట్టుకను 1408గా లెక్కకట్టారు. పదిహేనవ శతాబ్ది తెలుగు కవుల్లో పుట్టిన ఏడు, పాట మొదలైన ఏడు, ఆగిన రోజు ఇంత కచ్చితంగా తెలిసినవారు అరుదు. ఒక పాటకాడి లెక్కలు ఇంత పదిలంగా ఉండడానికి కారణం ఆయన కుటుంబం. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

చిన్నన్న కావ్యం తాతగారి పట్ల భక్తితో రాసినది కాబట్టి అందులో మహిమలకు కొదవ లేదు. కానీ ఆ మహిమల నడుమ ఒక పల్లెటూరి ఉమ్మడి కుటుంబపు వాతావరణం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఇంట్లో పని ఎగ్గొట్టి పాటలు పాడుకుంటూ తిరిగే కుర్రవాణ్ణి పెద్దలు గడ్డి కోసుకురమ్మని అడవికి పంపుతారు. కొడవలి జారి చిటికెనవేలు తెగుతుంది. నెత్తురు చూసిన పిల్లవాడు తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఈ బంధాలన్నీ ఎంతవరకు అన్న ఆలోచనలో పడి, అటుగా పాడుకుంటూ పోతున్న తిరుపతి యాత్రికుల గుంపులో కలిసిపోతాడు. కొండ ఎక్కుతూ, చెప్పులు విడవకుండానే మోకాళ్ల పర్వతం దగ్గర అలసి పడిపోతే అలమేలుమంగ పెద్దముత్తైదువ రూపంలో వచ్చి ప్రసాదం పెట్టిందనీ, ఆ తల్లి మీద అప్పటికప్పుడు శతకం చెప్పాడనీ కావ్యం చెబుతుంది. మహిమను పక్కన పెట్టి చూసినా మిగిలేది విలువైనదే: ఇంటి పనికి పనికిరాడనిపించుకున్న ఒక కుర్రవాడు బాట పట్టిన భక్తుల పాట వెంట నడిచి తన వృత్తిని వెతుక్కున్నాడు.

తిరుమలలో ఘనవిష్ణువు అనే వైష్ణవ యతి ఆయనకు పంచసంస్కారాలు చేశాడు. భుజాల మీద శంఖచక్రాల ముద్రలు వేయించుకోవడం మొదలైన ఐదు దీక్షా విధులనే పంచసంస్కారాలు అంటారు. స్మార్త కుటుంబంలో పుట్టిన అన్నమయ్య ఆ విధంగా శ్రీవైష్ణవుడయ్యాడు. దీక్ష తీసుకున్నంత మాత్రాన సిద్ధాంతం ఒంటబట్టదు గనుక, ఆ తరువాత ఆయన అహోబిలం చేరి, ఆదివన్ శఠకోప యతి దగ్గర వేదాంత గ్రంథాలు చదువుకున్నాడు. ఈ శఠకోప యతి అహోబిల మఠానికి తొలి పీఠాధిపతి. మేల్కోటలో పుట్టి, పద్నాలుగవ శతాబ్ది చివర అహోబిలంలో సన్యాసం స్వీకరించాడనీ, మాలోల నరసింహుని ఉత్సవమూర్తి ఆయన చేతికి స్వయంగా వచ్చి చేరిందనీ మఠ సంప్రదాయం. నేటికీ ఆ మఠాధిపతులు ఎక్కడికి వెళ్లినా ఆ మూర్తిని వెంట తీసుకువెళతారు.

అహోబిలం అన్నమయ్యకు ఏమి ఇచ్చింది అన్న ప్రశ్నకు, శ్రీవైష్ణవుల వేదాంత సిద్ధాంతమైన విశిష్టాద్వైతం అని ఒక్కమాటలో జవాబు చెప్పడం పరిపాటి. ఆ జవాబు తప్పు కాదు గానీ, చాలదు. శ్రీవైష్ణవంలో ఆళ్వారులు పాడిన నాలుగు వేల తమిళ పాశురాలను ద్రావిడ వేదంగా భావించి, సంస్కృత వేదంతో సమానంగా గుడిలో పఠిస్తారు. అహోబిలం కూడా ఆ పాశురాలకెక్కిన క్షేత్రమే; తిరుమంగై ఆళ్వారు దీనిని సింగవేళ్ కున్రం పేరుతో కీర్తించాడు. అంటే ఇంటి భాషలో కట్టిన పాట వేదంతో సరితూగగలదన్న నమ్మకం ఆ మఠంలో చదువుకున్న ప్రతి విద్యార్థికీ పాఠంలో భాగంగానే అందేది. తెలుగు దేశపు కవులు అప్పటికి సంస్కృత పురాణాలను చంపూ కావ్యాలుగా తెనిగించడంలో తలమునకలై ఉన్నారు. పాటను పండితులు కవిత్వపు లెక్కలోకి తీసుకోని ఆ కాలంలో, పల్లె ఆడవాళ్ల పాటల మట్లలో వేదాంతం చెప్పవచ్చునన్న ధైర్యం అన్నమయ్యకు ఆళ్వారుల ద్వారా, శఠకోప యతి పాఠం ద్వారా కలిగిందని భావించడం సమంజసం. తాళ్లపాక వారి బిరుదుల్లో ద్రావిడాగమ సార్వభౌమ అన్నది చేరడం కూడా ఈ ఊహకు బలమిస్తోంది.

అహోబిలంలో నవ నారసింహులు ఉన్నారు: జ్వాల, అహోబిల, మాలోల, క్రోడ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావన నరసింహులు. వీరిలో దిగువ అహోబిలానికి దగ్గరగా ఉన్న ఛత్రవట నరసింహుని కథ పాటకు సంబంధించినది. హాహా, హూహూ అనే గంధర్వులు ఇక్కడ గానం చేస్తుండగా మర్రి నీడన కూర్చున్న స్వామి మెచ్చి విన్నాడని స్థలపురాణం. విగ్రహంలో స్వామి ఎడమచేయి తొడ మీద తాళం వేస్తున్నట్టుగా ఉంటుంది. స్తంభాన్ని చీల్చుకొని వచ్చిన ఉగ్రమూర్తి అదే కొండల్లో కూర్చొని పాటకు తాళం వేయడం ఈ క్షేత్రపు స్వభావాన్ని పట్టి ఇస్తుంది. అన్నమయ్య నరసింహ సంకీర్తనల్లో కూడా ఈ రెండు ముఖాలూ కనిపిస్తాయి. కొన్నింటిలో గోళ్లు, నిప్పులు చిమ్మే కళ్లు, పేగుల దండలు ఉంటే, మరికొన్నింటిలో ఒడిలో లక్ష్మితో సరసమాడే శాంతమూర్తి ఉంటాడు. వేంకటేశుని ముద్ర, అంటే కవి తన పాటకు గుర్తుగా చివర పెట్టుకునే పేరు, అన్నిటిలోనూ ఉన్నా ఆయన అహోబిలం, ఒంటిమిట్ట, కడప వంటి ఊళ్ల దేవుళ్లను కూడా పేరుపెట్టి పాడాడు.

వృత్తిగా చూస్తే అన్నమయ్య జీవితం ఎంతో క్రమబద్ధమైనది. రోజుకు ఒక సంకీర్తనకు తక్కువ కాకుండా స్వామికి సమర్పించాలన్నది ఆయన నియమం. చిన్నన్న మొత్తం 32,000 సంకీర్తనలని చెప్పాడు. డెబ్బై ఎనిమిదేళ్లను రోజుల్లోకి మారిస్తే ఇరవై ఎనిమిది వేల పైచిలుకు వస్తాయి కాబట్టి, ఆ సంఖ్య అతిశయోక్తి అనిపించినా అసాధ్యం మాత్రం కాదు. నేడు దొరుకుతున్నవి పన్నెండు వేలకు అటూ ఇటూ. వీటిని ఆయన కుటుంబమే అధ్యాత్మ సంకీర్తనలు, శృంగార సంకీర్తనలు అని రెండుగా విభజించింది. మొదటివి మనిషి బతుకునూ, దేవుని శరణు కోరడాన్నీ గురించినవి. రెండవవి అలమేలుమంగా వేంకటేశ్వరుల ప్రణయాన్ని చెలికత్తె నోటనో, నాయిక నోటనో చెప్పేవి. సంఖ్యలో రెండవ రకానిదే పెద్ద వాటా. భక్తికవిగా మాత్రమే ఆయనను ఎరిగినవారికి ఇది కాస్త ఆశ్చర్యం కలిగించవచ్చు.

నిర్మాణం దాదాపు అన్నింటికీ ఒకటే: మొదట పల్లవి, తరువాత చాలావరకు మూడు చరణాలు, ప్రతి చరణం తరువాత మళ్లీ పల్లవి. ఈనాడు సినిమా పాట వరకు వచ్చిన పల్లవి చరణాల కట్టడం తెలుగులో స్థిరపడడానికి ఈ వేల పాటలు కారణమయ్యాయనడం అతిశయోక్తి కాదు. వరుసల కోసం ఆయన జనం దగ్గరికే వెళ్లాడు. వడ్లు దంచేటప్పుడు పాడే సువ్వి పాట, సంక్రాంతికి గొబ్బెమ్మల చుట్టూ తిరుగుతూ పాడే గొబ్బి పాట, ఏలలు, కోలాటపు పాటలు, జోల, లాలి, చందమామ పాట, పెళ్లిపాట అన్నీ ఆయన చేతిలో సంకీర్తనలయ్యాయి. భాష కూడా అటువంటిదే. సామెతలు, తిట్లు, ఎత్తిపొడుపులు, బేరసారాల మాటలు ధారాళంగా వాడాడు. రాయలసీమ పల్లెల్లో తప్ప మరోచోట వినబడని పలుకుబళ్లు అందులో ఎన్నో ఉన్నాయి. పాటకు లక్షణం చెబుతూ సంస్కృతంలో సంకీర్తన లక్షణం అనే గ్రంథం కూడా రాశాడు గానీ అది దొరకలేదు. మనుమడు చిన తిరుమలాచార్యుడు చేసిన తెలుగు అనువాదం మాత్రం మిగిలింది.

ఆ కాలపు పాటకాడికి పోషకుడు అవసరం, పోషకుడి వల్ల ప్రమాదమూ ఉండేది. రాజంపేట దగ్గరి టంగుటూరులో ఉండిన సాళువ నరసింహుడు, అప్పటికింకా విజయనగర సింహాసనం ఎక్కని సామంతుడు, అన్నమయ్యను ఆదరించాడు. ఒకనాడు సభలో అలమేలుమంగ మీద పాడిన శృంగార సంకీర్తన విని పరవశించి, అటువంటిదే తన మీద ఒకటి చెప్పమన్నాడు. హరిని పొగిడిన నోటితో నరుని పొగడనని అన్నమయ్య చెవులు మూసుకున్నాడు. రాజుకు కోపం వచ్చి, మూరురాయర గండ అనే పేరున్న బరువైన సంకెల వేయించి చెరలో పెట్టించాడు. అన్నమయ్య పాట పాడగా సంకెలలు వాటంతటవే వీడాయనీ, రాజు పశ్చాత్తాపపడ్డాడనీ కావ్య కథనం. ఈ సాళువ నరసింహుడే 1485లో విజయనగర రాజ్యాన్ని వశం చేసుకొని చక్రవర్తి అయ్యాడు. తిరుమల ఆలయానికి ఎన్నో దానాలు చేసినట్లు శాసనాలు చెబుతున్నాయి. సంకెలలు ఎలా వీడినా, రాజును కాదన్న తరువాత కూడా అన్నమయ్యకు పాడుకోవడానికి ఒక చోటు మిగిలి ఉండడమే ఈ కథలోని చారిత్రక సారం. గుడి నిలబెట్టిన కవి కాబట్టి కోటను కాదనగలిగాడు.

ఆయన ఇల్లంతా కవులే. భార్యల్లో ఒకరైన తిమ్మక్క సుభద్రా కళ్యాణం రచించి తొలి తెలుగు కవయిత్రిగా పేరు పొందింది. కుమారుడు పెద తిరుమలాచార్యుడు, మనుమలు చిన తిరుమలాచార్యుడు, చిన్నన్న సంకీర్తనలూ కావ్యాలూ రాశారు. వీరిలో మనం ఎక్కువగా రుణపడింది పెద తిరుమలాచార్యునికి. పదహారవ శతాబ్దిలో, అచ్యుత దేవరాయల కాలంలో పలుకుబడీ సంపదా గడించిన ఆయన, తండ్రి పాటలు తాటాకుల మీద ఉంటే చెదలపాలవుతాయని గ్రహించి వాటిని రాగిరేకుల మీద చెక్కించాడు. రేకుకు రెండు వైపులా అక్షరాలు. ప్రతి పాటకూ ముందు రాగం పేరు. ఆ రేకులను శ్రీవారి ఆలయంలో, ఇప్పుడు హుండీ ఉన్న చోటికి ఎదురుగా, సంకీర్తన భాండాగారమనే చిన్న రాతి గదిలో భద్రపరిచారు. గది వాకిలికి ఇరువైపులా అన్నమయ్యవీ, పెద తిరుమలయ్యవీ శిల్పాలు ఉన్నాయి. వేల పాటలకు రాగి ఖర్చు, చెక్కే పనివారి కూలి ఎంతయి ఉంటుందో ఊహించుకుంటే, తెలుగులో మరే కవికీ ఇటువంటి వారసులు దొరకలేదని ఒప్పుకోక తప్పదు.

అంత చేసినా పాట మరుగున పడింది. 1565లో విజయనగరం పతనమైన తరువాత పోషణ తగ్గింది; కాలక్రమేణా కచేరీ సంగీతం మరో దారిలో సాగింది. 1816లో వెలువడిన ఎ. డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణంలో తిరుపతి రాగిరేకుల ప్రస్తావన ఉంది. పాత వ్యాకరణం దొరుకుతుందేమోనని వాటిని చూపించగా అవి దేవుని మీద పాటలని తేలడంతో ఆయన ఆసక్తి అక్కడే ఆగిపోయింది. ఆ తరువాత మరో శతాబ్దం గడిచింది. 1920వ దశకంలో సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి వంటి దేవస్థానం పండితులు రేకులను వెలికి తీసి పరిశీలించిన తరువాతనే ముద్రణ పని మొదలైంది. వేటూరి ప్రభాకర శాస్త్రి చిన్నన్న రాసిన జీవిత చరిత్రను పరిష్కరించి ప్రకటించాడు. అనంతపురం జిల్లాకు చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ, సాహిత్యమూ సంగీతమూ రెండూ తెలిసిన అరుదైన పండితుడు, సంకీర్తనల సంపుటాలను పరిష్కరించి నూరుకు పైగా పాటలకు స్వరాలు కట్టాడు.

స్వరాలు కొత్తగా కట్టవలసి రావడం దగ్గరే అన్నమయ్య కథలోని అసలు నష్టం ఉంది. రేకుల మీద రాగం పేరు ఉంది గానీ స్వరలిపి, అంటే పాట ఏ స్వరం మీద ఎలా నడవాలో చెప్పే గుర్తులు, లేదు. ఆ రాగాల్లో కొన్ని ఈనాడు వాడుకలోనే లేవు. కొన్నింటి రూపం మారిపోయింది. అందువల్ల మాట అన్నమయ్యదే అయినా మనం వినే వరుస మాత్రం ఇరవయ్యవ శతాబ్దపు విద్వాంసులది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు కట్టిన వరుసలు కచేరీల్లో స్థిరపడ్డాయి. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును ప్రారంభించడం, ఆ వెంటనే ఎం. ఎస్. సుబ్బులక్ష్మి పాడిన బాలాజీ పంచరత్నమాల రికార్డులు విడుదల కావడం పాటను ఇంటింటికీ చేర్చాయి. ఆ ప్రాజెక్టు గాయకుడిగా గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్ వందల పాటలకు వరుసలు కట్టి, 2025 మార్చిలో కన్నుమూసేదాకా వాటిని పాడుతూనే ఉన్నాడు. 1997లో కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో, నాగార్జున కథానాయకుడిగా, కీరవాణి సంగీతంతో వచ్చిన అన్నమయ్య చలనచిత్రం ఆయన పేరు తెలియని తెలుగువారు లేకుండా చేసింది. సినిమా అవసరాల కోసం కల్పనలు చాలా చేరాయి. చరిత్ర తెలుసుకోదలచినవారు చిన్నన్న ద్విపద చదవడం మేలు. అది చదవడానికి కష్టమైన పుస్తకమూ కాదు.

పాత వరుసల ఛాయ మిగిలి ఉండగలదా అంటే, రెండు చోట్ల వెతకవచ్చు. ఒకటి గుడి: తిరుమల ఏకాంతసేవలో తాళ్లపాక వారి లాలి నేటికీ ఆచారంగా ఉంది. రెండవది పల్లె. ఏటా కనుమ నాడు అహోబిల నరసింహుడు పల్లకి ఎక్కి, చెంచులు బాణాలు వేసి సాగనంపగా, ఆళ్లగడ్డ, రుద్రవరం ప్రాంతాల్లోని ముప్పైకి పైగా గ్రామాలకు పారువేటకు బయలుదేరుతాడు. చెంచులక్ష్మిని పెళ్లాడిన స్వామి తన కళ్యాణానికి ఊరూరా వెళ్లి పిలవడమే ఈ పారువేట అని జనం నమ్మకం. నలభై రోజులకు పైగా సాగే ఆ ప్రయాణంలో తెలుపుల మీద స్వామి విశ్రమించినప్పుడు ఊరి భజన బృందాలు, కోలాటపు జట్లు పాడుతాయి. తెలుపు అంటే పల్లకిని దించడానికి ఊరిలో కట్టిన అరుగు. అన్నమయ్య తన పాటలకు తీసుకున్న గొబ్బి, సువ్వి, కోలాటపు మట్లు ఇటువంటి జనం నోటి నుంచి వచ్చినవే.

రోళ్లు మూలన పడి, వడ్లు మిల్లుకు పోతున్న ఈ కాలంలో ఆ మట్లు తెలిసినవారు గడివేముల, పాణ్యం, ఆళ్లగడ్డ పల్లెల్లో డెబ్బై దాటిన ముసలమ్మలే. ఇంట్లో అటువంటి పెద్దవారు ఉన్న పాఠకులు ఈ సంక్రాంతికి వారి చేత ఒక్కొక్క పాట పాడించి సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి, పాడినవారి ఊరు, పాట పాడే సందర్భం రాసి దగ్గరలోని కళాశాల తెలుగు శాఖకు అందజేయవలసిందిగా మనవి.